ఆఖరి నిమిషంలో లేచి నిలబడే అత్త

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, చర్చికని తెల్లచీర కట్టుకుని, తల దువ్వుకుని, వసారాలో కుర్చీలో కూర్చుంది. నేను బండి తాళాలు వెతుక్కుంటూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. "ఎంతసేపుమే" అని ఒకసారి అరిచింది. రెండోసారి అరవలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మా అత్త ఏ పనికైనా ఒక్కసారి అరిచి ఊరుకునే మనిషి కాదు. తాళాలు దొరికి నేను బయటికొచ్చేసరికి ఆ కుర్చీలోనే, బైబిలు ఒడిలో పెట్టుకుని, వెళ్లిపోయి ఉంది.

డాక్టరు వచ్చి చూసి వెళ్లాక ఫోను చేతిలోకి తీసుకున్నాను. చుట్టాలందరినీ వదిలేసి నా వేలు ముందుగా భాయ్ నంబరు మీదికి పోయింది. భాయ్ అంటే స్టేడియంలో మా వెనక వరసలో కూర్చునే బట్టల కొట్టాయన. సంగతి చెప్పాను. "పిల్లోళ్లకు నేను చెప్తాలేమ్మా" అని పెట్టేశాడు. పిల్లోళ్లంటే మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టు. మా ఇంటి గుమ్మంలో తల వంచకుండా దూరగలిగిన వాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అయినా మా అత్తకూ భాయ్‌కీ వాళ్లు పిల్లోళ్లే.

కడపలో ఆ ఆట చూడ్డానికి పోయేవాళ్లందరికీ మా అత్త తెలుసు. పేరు తెలియదు. "నిలబడే అవ్వ" అంటే చాలు, ఎవరైనా చెబుతారు. తెలియనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఏడవాల్సింది ఏడ్చేశాను. ఇప్పుడు నా దగ్గర మిగిలింది గర్వం, దాన్ని దాచుకునే ఓపిక నాకు లేదు.

అత్త మా నాయనకు అక్క. వేంపల్లె అవతల ఒక పల్లెలో మామతో కలిసి చీనీతోట, అంటే బత్తాయి తోట పెంచింది. తోట ఎండిపోయి, ఆ తర్వాత మామ కూడా పోయాక, ఉన్న నేల కౌలుకిచ్చి నా దగ్గరికి వచ్చేసింది. నేను ఇక్కడ ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. పెళ్లి నా జోలికి రాలేదు, నేనూ దాని జోలికి పోలేదు. ఇల్లంతా ఇద్దరు ఆడవాళ్లం. ఇద్దరికీ గొంతు పెద్దదే. మా ఇంట్లో ఏం వండుతున్నామో, ఎందుకు పోట్లాడుకుంటున్నామో తెలుసుకోవడానికి వీధిలో ఎవరూ కష్టపడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆమెకో అలవాటు ఉండేది. ఎక్కడికి పోయినా చివరిదాకా ఉండాలి. పెళ్లికి పోతే పందిరి విప్పేవాళ్లు వచ్చి కుర్చీలు మడిచేదాకా కదలదు. ఎవరినైనా బస్సెక్కించడానికి పోతే ఆ బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా స్టాండులో నిలబడుతుంది. పక్కింట్లో ఎవరికి జబ్బు చేసినా, చూడవచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక గ్లాసులు కడిగి పెట్టి మరీ వస్తుంది. నాకు ఇదంతా చాదస్తమనిపించేది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషిని ఎన్ని పెళ్లిపందిళ్లలో, ఎన్ని బస్టాండుల్లో కాపలా పెట్టిందో చెప్పలేను.

ఆటల సంగతికొస్తే, మా ఇంట్లో ఎవరికీ ఏ ఆటా రాదు. ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే కొత్త లీగు ఒకటి మొదలైందనీ, ఊరికో జట్టు చొప్పున మా కడపకూ ఒకటి దక్కిందనీ పేపర్లో చూసి మడిచి పెట్టేశాను. పసుపు మార్కెట్టున్న ఊరని కాబోలు, వాళ్లకు పసుపు రంగు బనియన్లు ఇచ్చారు. స్టేడియం నిండదన్న భయంతో కాలేజీలకు ఉచిత పాసులు పంచారు. మా ఆఫీసు బల్లమీద ఎవరికీ అక్కర్లేక రెండు మిగిలితే బ్యాగులో పడేసుకుని వచ్చాను. అత్త కంట పడ్డాయి.

"ఏంటివి ఇవి?"

"బంతాటకు పిలుపులు. నేను పోను."

"పిలిచినాక పోకుంటే ఎట్లమే? వాళ్లు ఎదురు చూస్తాంటారు గదా."

మనకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు, వాళ్లకు మనం ఎవరో కూడా తెలియదని ఎంత చెప్పినా వినలేదు. చెనిక్కాయలు ఉడకబెట్టి స్టీలు డబ్బాకు నింపింది. ఆదివారం చీర కట్టుకుని, సాయంత్రం నేను వచ్చేసరికి గుమ్మంలో తయారుగా ఉంది. ఇంక పోక ఏం చేస్తాను.

మా స్టేడియం రేకుల కప్పు, సిమెంటు మెట్లు. ఎండాకాలం అందులో కూర్చుంటే మూత పెట్టిన సంగటి కుండలో కూర్చున్నట్టే. సగం కూడా నిండలేదు. అత్త మాత్రం పెళ్లివారింటికి వచ్చినట్టు అందరినీ పలకరించుకుంటూ పోయి మధ్య వరసలో కూర్చుంది. ఆట మొదలైంది. ఆటగాళ్లు బంతిని నేలకేసి కొడుతూ పరిగెత్తుతుంటే, "గాలి ఉండాదో లేదో ఇంకా చూసుకోలేదా వీళ్లు?" అని నన్ను అడిగింది. రెఫరీకి 'ఈలాయన' అని పేరు పెట్టేసింది. ఆ ఈలాయన మా పిల్లోళ్లను ఆపినప్పుడల్లా, "ఊరికే ఊదుతాడే, ఈయనకేం పొయ్యేకాలం" అని గట్టిగానే అంది.

సగం ఆట అయ్యాక రెండు జట్లూ బుట్టలు మార్చుకుంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకే తెలియదు. విరామం తర్వాత మావాళ్లు ఇంతసేపూ కాపాడుకున్న బుట్టవైపే బంతి తీసుకుని ఉరికారు. అత్త గుండె ఆగినంత పనైంది.

"నాయనా, అది మనది! మన బుట్టలో మనమే ఏస్తాండాం! ఎవురన్నా చెప్పండప్పా ఆ పిల్లోళ్లకు!"

మెట్లమీదున్న వాళ్లంతా గొల్లుమన్నారు. వెనక వరసలోంచి తెల్లగడ్డం పెద్దాయన ఒకరు ముందుకు వంగి, "అక్కా, ఇప్పుడు అది వాళ్లది. మార్చుకున్యారు" అన్నాడు. ఆయనే భాయ్.

"ఎవుర్నడిగి మార్చుకున్యారు?" అంది అత్త.

ఆ రోజు మావాళ్లు చిత్తుగా ఓడిపోతున్నారు. ముగింపుకొచ్చేసరికి జనం లేచి, రద్దీ కాకముందే బండ్లు తీసుకుందామని బయటికి నడుస్తున్నారు. మైకులో "ఆఖరి నిమిషం" అన్నారు. అత్త డబ్బాకు మూత పెట్టింది. కొంగు తలమీదికి లాక్కుంది. లేచి నిలబడింది.

మా చర్చిలో ఆరాధన ముగింపులో పాస్టరుగారు ఆఖరి ఆశీర్వాదం చెబుతారు. అప్పుడు అందరూ లేచి నిలబడాలి, ఆడవాళ్లు కొంగు కప్పుకోవాలి. ఆ ఆశీర్వాదం కాకముందే బయటికి పోవడమంటే, మా అత్త లెక్కలో, వడ్డించిన విస్తరి ముందునుంచి లేచిపోవడమే. ఏళ్ల తరబడి అలవాటైన కాళ్లు, చివరికొచ్చింది అనగానే వాటంతటవే లేచాయి. అన్ని కార్యాలూ అట్లాగే ముగుస్తాయని ఆమె నమ్మకం. నేను చీర పట్టి గుంజాను. కూర్చోలేదు.

"అక్కా, కుచ్చో, నాకేం కనపడల్యా" అన్నాడు వెనకనుంచి భాయ్.

"ముగిసేటప్పుడు ఎవురన్నా కుచ్చుంటారా?" అంది తిరిగి చూడకుండానే.

ముసుగేసుకుని నిలబడ్డ పెద్దామెను చూసి ఆయన, ఈమె పిల్లోళ్ల కోసం దువా చేస్తోంది కాబోలనుకున్నాడట. చాలా రోజుల తర్వాత చెప్పాడు. జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని ఆయనా లేచాడు. పెద్దవాళ్లిద్దరూ నిలబడ్డాక నేను కూర్చుంటే ఏం బాగుంటుంది, నేనూ లేచాను. ఆ వైపు మెట్లమీద మేము ముగ్గురమే. చుట్టూ ఖాళీ, చెనిక్కాయల పొట్టు.

ఆట ముగిసింది. ఓడినవాళ్లు లోపలికి పోవాలంటే మా ముందునుంచే పోవాలి. అందరూ తలకాయలు దించుకుని వస్తున్నారు. ముందు నడుస్తున్నవాడు కెప్టెను, కర్నూలు జిల్లావాడు, ఆదోని పిల్లోడు. ఎందుకో తలెత్తాడు. ఖాళీ మెట్ల మధ్య కొంగు కప్పుకుని నిలబడ్డ ముసలామె కనిపించింది. తెలిసినవాళ్లెవరో అనుకున్నాడేమో, గబుక్కున చేతులు జోడించాడు.

"బాగా ఆడినారు నాయనా. పోయి అన్నం తినండి" అంది అత్త.

ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఓడినందుకు ఎవరో ఒకరు తిడతారని ఎదురుచూసిన ముఖం అది. ఇంటికి తిరిగొస్తుంటే స్కూటీ వెనకనుంచి అత్త అడిగింది, "మళ్లా ఎప్పుడు పిలుస్తారు?" అని.

పిలవడం మానేశారు, టికెట్లు పెట్టారు. అయినా పోయాం. ఇక్కడ ఆడిన ప్రతి ఆటకూ పోయాం, ప్రతి ఆటా ఓడిపోయాం. బయటి ఊళ్లలో అప్పుడొకటి ఇప్పుడొకటి గెలిచేవాళ్లు గానీ మా కళ్లముందు ఒక్కటీ గెలవలేదు. అత్త మాత్రం మైకులో 'ఆఖరి నిమిషం' వినపడగానే డబ్బా మూత పెట్టేది, కొంగు కప్పేది, లేచేది. కాలేజీ పిల్లలు నవ్వారు, ఫోన్లలో తీసుకున్నారు. తర్వాత ఆటకు వాళ్లే తమాషాకు లేచి నిలబడ్డారు. ఆ తర్వాత తమాషా పోయింది, నిలబడ్డం మాత్రం మిగిలింది. భాయ్ కూడా ఊరుకోలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ గుడ్డ కొలుస్తూ ఇదే సంగతి. "ఓడిపోయేది చూసేదానికి ఏంటికప్పా పోవల్ల?" అని ఎవరైనా అంటే, "చూసేది వాళ్లు వీళ్లు చూస్తారు, నువ్వు నిలబడేదానికి రా" అనేవాడట. మెల్లగా మా చుట్టుపక్కల వరసలు నిండాయి. ఆఖరి నిమిషంలో బండ్లకోసం పరిగెత్తేవాళ్లు తగ్గారు.

ఒకసారి బయటి ఊరి జట్టు కోచ్ ఇదంతా చూసి, ఏమిటిది, వీళ్లెందుకు లేస్తున్నారు అని మా కెప్టెన్ను అడిగాడట. "మా ఊరి ఆచారం సార్" అన్నాడట మావాడు. భాయ్ ఈ సంగతి చెబుతుంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఏ ఊరి ఆచారం? మొన్న మొన్న మా అత్త పొరపాటున మొదలుపెట్టింది. కానీ లోలోపల నాకు ఒళ్లు పొంగింది, ఎందుకు దాచాలి.

కర్నూలులో ఆట ఉందంటే బస్సెక్కి అక్కడికీ పోయాం. దారిలో నంద్యాల బస్టాండులో ఉగ్గాణి తిన్నాం, మిరపకాయ బజ్జీ కారానికి నా కళ్లలో నీళ్లు కారాయి. కర్నూలులో జనమంతా వాళ్ల జట్టువైపే. తమ జిల్లా పిల్లోడు కడపకు ఆడుతున్నాడని మా కెప్టెన్ను ఒకటే గేలి చేశారు. ఆఖరి నిమిషంలో అత్త ఆ జనం నడుమ కొంగు కప్పుకుని లేచింది. ఎవరో "కూర్చోవమ్మా, గెలిచింది మేము" అన్నారు. అత్త ఆయనవైపు తిరిగి, "గెలిచినోళ్లు నవ్వుకుంటా ఇంటికి పోతారు నాయనా. వాళ్లకు నాతో పనేముండాది?" అంది. ఆయన జరిగి ఆమెకు కాస్త చోటిచ్చాడు.

ఇంతగా తిరిగినా, ఆమె ఎందుకు అంత పట్టుగా నిలబడుతుందో నాకు సరిగా తెలిసింది మా ఇంటి వంటగదిలోనే. ఒక ఆదివారం కెప్టెన్నూ, పంజాబు నుంచి వచ్చిన ఇంకో పొడుగు పిల్లవాణ్నీ అత్త భోజనానికి పిలిచింది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు. పంజాబు పిల్లవాడికి ఒక్క తెలుగు ముక్క రాదు. అత్తకు ఇంకో భాష రాదు. అయినా ఆమె అతనితో తెలుగులోనే మాట్లాడుతుంది, అతను ప్రతిదానికీ తలూపుతాడు, సంగటి ముద్దలు దిగిపోతున్నాయి. కెప్టెను మాత్రం తినకుండా కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమప్పా, కారమైందా?"

"లేదవ్వా. ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. నువ్వట్ల నిల్చుంటే నాకు శానా సిగ్గయితాంది. ఇంత పెద్దామె నిలబడింది, మేమేమో నీ ముందర ఒక్కటి గూడా గెలవలేకపోతాండాం. ఇంగనుంచి కుచ్చోని చూడవ్వా."

అత్త గరిటె పక్కన పెట్టింది.

"మాకు చీనీతోట ఉండె. నీళ్లు ల్యాక చెట్లు ఎండిపోబట్టె. బోరు ఏపిచ్చినాం. బండి వచ్చిన పొద్దు ఊరంతా మా తోటలోనే. పాస్టరు వచ్చి ప్రార్థన చేసె. అందరికీ అన్నాలు వండితిమి. బోరు దిగేకొద్దీ దుమ్ము. సుద్ద నేల గదా, తెల్లదుమ్ము. తేమ ల్యా, ఏం ల్యా. పొద్దు వాలేకొద్దీ ఒకరొకరే లేసిరి. ఒకాయనకు ఎనుముకు మేత ఎయ్యల్లంట, ఒకామెకు పొయ్యి మీద ఎసరంట. మా చుట్టాలు, మా చర్చోళ్లు, అందరూ పాయిరి. తప్పేముండాదిలే, ఆడ చూసేదానికి ఏముండాదని? నేను, మా ఆయన, బండోళ్లు మిగిల్తిమి. ఎనక్కి తిరిగి చూస్తే ఒకడు నిల్చుండాడు."

నావైపు వేలు చూపించింది.

"ఈ పాప వాళ్ల నాయన. నా తమ్ముడు. ఒక్క మాట మాట్లాడల్యా. ఓదార్చేది గూడా ల్యా. ఆఖరి కడ్డీ పైకి తీసిందాకా అట్లే నిల్చున్యాడు. దుమ్మంతా వాని మీదనే. సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపాయె. దులుపుకోల్యా."

"నీళ్లు పడల్యా గదవ్వా?" అన్నాడు కెప్టెను.

"యాడ పడ్తాయి నాయనా. ఐనా ఆ పొద్దు తలుచుకుంటే నాకు నీళ్ల సంగతి గుర్తురాదు. వాడు నిల్చున్యది కనపడ్తాంటాది." గరిటె మళ్లీ తీసుకుని అతని పళ్లెంలో పులుసు పోసింది. "గెలిచేది మీ పని. గెలవండి, గెలవకపోండి. ముగిసేటప్పుడు మీరు తలెత్తి చూస్తే ఎదురుగా మనుషులు కనపడల్ల. నాకు అంతే కావల్ల. తిను."

మా నాయన నేను కాలేజీలో చదువుకునేటప్పుడే పోయాడు. మాటలు తక్కువ మనిషి. ఆయన గురించి నాకు గుర్తున్నవన్నీ చిన్న చిన్నవి, బీడీ వాసన, సైకిలు బెల్లు. ఇంత పెద్ద సంగతి ఒకటి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నేను నీళ్లు తెచ్చే నెపంతో పెరట్లోకి పోయి కాసేపు అక్కడే ఉన్నాను. తిరిగొచ్చేసరికి కెప్టెను ఇంకో ముద్ద పెట్టించుకుంటున్నాడు.

పోయిన సీజను ముగిసేనాటికి అత్తకు గుండె జబ్బు ముదిరింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మెట్లెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇక్కడ జరగాల్సిన చివరి ఆట ఒకటి మిగిలింది. జట్టు అప్పటికే అందరికంటే కిందుంది, ఆ ఆట గెలిచినా ఓడినా ఒరిగేది లేదు. పైగా ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఎవరొస్తారులే అని భాయ్ కూడా అన్నాడు. అత్తను పట్టుకుంది ఆ మాటే. ఎవరూ రాకపోతే ఆ పిల్లోళ్లు ఆఖరున తలెత్తి చూసేది ఎవరిని?

"ఈసారికి ఫోన్లో చూద్దాం అత్తా. ఇంట్లోనే నిలబడుదువులే" అన్నాను.

"ఫోన్లో నేను వాళ్లకు కనపడ్తానామే?"

భాయ్‌కి ఫోను చేశాను. ఆయన ఇద్దరు కాలేజీ కుర్రాళ్లను తెచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆమెను మా మామూలు వరసదాకా మోసుకుపోయారు. "ఊరేగింపు మాదిరి ఉండాది, బ్యాండు మేళం ఏదప్పా?" అని నవ్వుతూనే ఉంది. పైకి చేరాక చుట్టూ చూసింది. మెట్లు నిండి ఉన్నాయి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు, మా కాలేజీ ప్రిన్సిపాలుతో సహా. అత్త డబ్బా తెరిచి చెనిక్కాయలు పక్కవాళ్లకు పంచింది. మా అత్తకు ఆ రోజున్నంత సంతోషం నేను ఏ పండక్కీ చూడలేదు.

ఆ రోజు పిల్లోళ్లు ఎట్లా ఆడారో నాకు చెప్పడం రాదు. ఒక్కో బంతికీ ప్రాణం పెట్టారు. ఎప్పుడూ సగానికే చేతులెత్తేసేవాళ్లు చివరిదాకా అవతలి జట్టును వదల్లేదు. ఇంతలో వాన మొదలై రేకుల మీద దడదడ. ఆ మోతలోనే మైకులో "ఆఖరి నిమిషం" అన్నారు. మావాళ్లు ఒక్క బుట్ట వెనకబడి ఉన్నారు.

అత్త డబ్బా మూత పెట్టింది. కొంగు కప్పుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. మోకాళ్లు మాట వినలేదు. మళ్లీ లేవబోయింది.

"వద్దత్తా."

"పట్టుకోమే!"

నేను భుజం కింద చెయ్యి వేశాను గానీ ఆమె శరీరం పైకి రాలేదు. ముఖానికి చెమటలు పట్టాయి. అత్త కళ్లలో భయం నేను అప్పుడే చూశాను. చావు భయం కాదది, దానికి ఆమె ఎప్పుడూ భయపడలేదు. వెనక భాయ్ లేచాడు. మా వరస లేచింది. మా ముందు వరస, దాని ముందు వరస, ఎదుటి వైపు మెట్లు, తలుపుల దగ్గర టికెట్లు చించేవాళ్లు కూడా. సిమెంటు మీద అన్ని వందల చెప్పుల చప్పుడు వానను మించి వినిపించింది. స్టేడియం మొత్తంలో మా అత్త ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె ముందు వీపులు తప్ప ఇంకేమీ లేవు.

"పాపా, ఏమైతాంది? నాకేం కనపడల్యా."

చెప్పడం మొదలుపెట్టాను. ఆటంటే గిట్టని నేను, ఆమె వెంట తిరిగి తిరిగి నేర్చుకున్న ఆటను ఆమె చెవిలో అరిచి చెప్పాను. "బంతి మనోళ్ల దగ్గరే ఉండాది. కెప్టెను తీసుకున్యాడు. వదల్లేదు, వదల్లేదు... పంజాబీ పిల్లోడికి ఇచ్చినాడు. ఎగిరినాడత్తా! బుట్ట మీద తిరుగుతాంది..."

"పడెనా?"

"పడల్యా."

పెద్ద సైరను మోగింది.

"అయిపాయనా?"

"అయిపాయ."

"ఓడినామా?"

"ఓడినామత్తా."

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎవురన్నా పోయినారా?" అంది.

తలెత్తి నాలుగు దిక్కులా చూశాను. తలుపులు తీసే ఉన్నాయి. గుమ్మాల్లో మనిషి లేడు.

"ఎవురూ పోల్యా."

"ఒక్కరు గూడా?"

"ఒక్కరు గూడా పోల్యా అత్తా."

"ఇంగేం" అంది. కుర్చీలో వెనక్కి వాలి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

కింద పిల్లోళ్లు తలెత్తి మా వరసవైపు చూస్తున్నారు. ఇంతమంది నిలబడ్డారు, నిలబడే అవ్వ మాత్రం వాళ్లకు కనపడలేదు. కెప్టెను మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. "అవ్వ యాడ? అవ్వ యాడ?" అని అడ్డమొచ్చినవాళ్లనల్లా అడుగుతున్నాడు. జనం పక్కకు జరిగారు. కుర్చీలో ఆమెను చూసి, అంత పొడుగు మనిషి ఆమె కాళ్ల దగ్గర మెట్టుమీద కూలబడిపోయాడు. చెమటతో తడిసిన ఆ తలమీద అత్త చెయ్యి పెట్టింది. భాయ్ వెనకనుంచి వంగి, "అక్కా, మొదటి పొద్దు నీ వల్ల నాకేం కనపడల్యా. ఈ పొద్దు మా వల్ల నీకు కనపడల్యా. చెల్లుకు చెల్లు" అన్నాడు. అత్త నవ్వితే చుట్టూ నాలుగు వరసలు నవ్వాయి.

ఆ తర్వాత ఆమె బతికింది కొన్ని వారాలే. ఆ వారాలన్నీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ సాయంత్రం గురించే చెప్పింది. ఎవరు గెలిచారని అడిగితే, "అవతలోళ్లు గెల్చినార్లే" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఎంతమంది నిలబడ్డారో చెప్పడానికి తీరిగ్గా కూర్చునేది.

సమాధుల తోట ఊరి బయట ఉంది. సీజను అయిపోయి పిల్లోళ్లంతా ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు, ఎవరొస్తారులే అనుకున్నాను. సోమవారం మధ్యాహ్నం పెట్టెను దించే వేళకు రోడ్డుమీద ఒక జీపు ఆగింది. అందులోంచి ఒక్కొక్కరే వంగి దిగారు. కెప్టెను ఆదోని నుంచి, మిగతావాళ్లు దొరికిన బండ్లు పట్టుకుని, కడపలో కలుసుకుని వచ్చారట. పంజాబు పిల్లవాడు కూడా వచ్చాడు. ఎట్లా వచ్చాడో, ఎప్పుడు బయల్దేరాడో నాకు ఈరోజుకీ అర్థం కాదు. అందరూ ఆట బనియన్లే వేసుకున్నారు. భాయ్ టోపీ పెట్టుకుని వాళ్ల పక్కన నిలబడ్డాడు.

పాస్టరుగారు ఆఖరి ఆశీర్వాదం చెప్పారు. తలా ఒక పిడికెడు మన్ను వేశాం. ఎండ మండిపోతోంది. జనం ఒకరొకరే కదిలారు. బస్సులున్నాయి, పనులున్నాయి, ఎవరినీ తప్పు పట్టను. పార పట్టిన ఇద్దరు మనుషులు మన్ను తోయడం మొదలుపెట్టారు. నేను కెప్టెన్ దగ్గరికి పోయి, "రా నాయనా, ఇంట్లో భోజనాలు పెట్టినారు, పోదాం" అన్నాను.

అతను పారలవైపే చూస్తున్నాడు.

"ఇంకా ముగియల్యా గదక్కా" అన్నాడు.

నేనూ ఆగిపోయాను. ఆ తోటది కూడా సుద్ద నేలే. గాలికి తెల్లదుమ్ము లేచి వాళ్లమీద పడుతోంది. వరసగా, చేతులు కట్టుకుని, తలలెత్తి నిలబడ్డారు. చివరి పార మన్ను పడేసరికి ఆ పసుపు బనియన్లన్నీ తెల్లబడ్డాయి. ఒక్కరూ దులుపుకోలేదు.